మా పద్మినికి పిస్టన్లు

మా ఇంట్లో పద్మిని గురించి మీకు ఇంతవరకు చెప్పలేదు కదూ! నేను కాపురానికి రాకముందు నుంచీ ఈ ఇంట్లోనే ఉంది. మా మావయ్యగారికి దాని మీద ప్రాణం. అత్తయ్యకి మాత్రం మొదట్లో అస్సలు గిట్టేది కాదట. "ఇంట్లోకి అరకిలో చింతపండు కొంటే లెక్క అడిగే మనిషి, దానికి మాత్రం వెనకాముందు చూడకుండా ఖర్చు పెట్టేవారు" అని ఇప్పటికీ అంటుంటారు. కంగారు పడకండి. పద్మిని మా కారు.

మావయ్యగారు తెనాలిలో డాక్టరు. చుట్టుపక్కల ఊళ్ళలో అర్ధరాత్రి ఎవరికి కాన్పు కష్టమైనా ఆయన కోసమే వచ్చేవారు. 1971లో ఫియట్ కారుకి డబ్బు కట్టి, ఐదేళ్ళు ఎదురు చూశారట. ఈలోగా 1974లో ఆ కార్లు తయారుచేసే ముంబై ప్రీమియర్ కంపెనీ వాళ్ళు దానికి పద్మిని అని పేరు పెట్టారు. అలా ఫియట్ కోసం ఎదురు చూస్తే 1976లో పద్మిని వచ్చింది. ఊళ్ళో అందరూ డాక్టరుగారి ఫియట్ అనే అనేవారు. అత్తయ్య ఒక్కరే పంతం కొద్దీ పద్మిని అనేవారు, సవతిని పిలిచినట్టు.

అలాంటి బండి 1996 మే నెల నుంచి షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. ఎందుకుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం మాట్లాడం.

ఆ వేసవిలో బండి పొగ కక్కుతూ ఆయిలు తాగేస్తోందని మా ఆయనే దగ్గరుండి ఇంజను విప్పించి, ఒక లేతు షాపులో బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించి తెచ్చారు. వారం తిరక్కుండానే మా మరిది, అప్పటికి పంతొమ్మిదేళ్ళ వాడు, స్నేహితుల్ని ఎక్కించుకుని విజయవాడ బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం. దుగ్గిరాల దాటాక ఇంజను కీచుమని అరిచి ఆగిపోయింది. పట్టేసింది. ఎడ్లబండి వెనక కట్టి లాక్కొచ్చారు. "రేడియేటర్లో నీళ్ళు చూసుకోకుండా తోలావు. నీ చేతిలో పెడితే ఏదీ మిగలదురా" అన్నారు మా ఆయన, వాకిట్లో, నలుగురి ముందూ. మావయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు టార్పాలిన్ కప్పించేశారు.

ఆ మాట అక్కడితో ఆగితే బావుండేది. మరిది ఉద్యోగం మారినా, ఇల్లు కొన్నా, 2009లో మావయ్యగారు పోయాక పంపకాలప్పుడూ, ఏదో ఒక సందులోంచి ఆ "నీ చేతిలో పెడితే" తొంగి చూస్తూనే ఉండేది. పోట్లాట అని చెప్పుకోడానికేం లేదు. పండక్కి వస్తాడు, తింటాడు, సాయంత్రానికి హైదరాబాదు వెళ్ళిపోతాడు. ఇప్పుడు నలభై ఏడేళ్ళు. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. వాళ్ళింట్లో కారు మా తోటికోడలు నడుపుతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. 2023 అక్టోబరు ఆఖర్లో పేపర్లో ఒక ఫొటో పడింది. ముంబై నలుపూ పసుపూ పద్మిని టాక్సీ. అక్కడ టాక్సీలకి ఇరవయ్యేళ్ళే ఆయుష్షట. ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది కాబట్టి, దానికి ఇరవై నిండగానే వాటి కథ ముగిసిందని రాశారు. అత్తయ్య భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివి, పేపరు మడిచి, "నేను పోయేలోపు మన పద్మినిలో ఒక్కసారి మీ మావయ్య క్లినిక్ దాకా వెళ్ళొస్తే బావుండునే" అన్నారు. ఎనభై మూడేళ్ళ మనిషి. ఈ ముప్పై ఏళ్ళలో ఇది కావాలి అని నన్ను నోరు తెరిచి అడిగింది లేదు.

మా ఆయనతో చెబితే కొట్టి పారేశారు. "దాని రిజిస్ట్రేషను రెన్యువల్‌కే 5,000. ఆ పైన ఫైను. అసలు పిస్టన్లు దొరకొద్దూ? స్క్రాపుకి ఇచ్చేద్దామని నేను చూస్తుంటే!"

"దొరికితే?" అన్నాను.

"దొరికితే చూద్దాంలే."

మగవాళ్ళ "చూద్దాంలే" అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా! నేను మాత్రం దాన్ని సరే అన్నట్టే తీసుకున్నాను.

విజయవాడ ఆటోనగర్లో పాత ఫియట్లు చేసిన మేస్త్రీ ఒకాయన ఉన్నారని తెలిసి, బండిని లారీ మీద ఎక్కించి పంపాం. ఆయనకి డెబ్బై దగ్గర పడుతోంది. ముందు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ ఆయిలూ కలిపి పోసి పది రోజులు నాననిచ్చారు. అయినా ఇంజను తిరగలేదు. చివరికి హెడ్డు విప్పి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో తట్టి తట్టి ఒక్కొక్క పిస్టనే బయటికి తీశారు. మమ్మల్ని రమ్మని ఫోను చేశారు.

నాకప్పటిదాకా పిస్టన్ అంటే సినిమాల్లో పొగబండి చక్రం పక్కన ఆడే కడ్డీ అనే తెలుసు. చూస్తే ఏముంది, బోర్లించిన అల్యూమినియం గ్లాసు లాంటిది. పైన రింగులు కూర్చోడానికి గాడులు, మధ్యలో అడ్డంగా పిన్ను దూరే చిల్లు. ఇనుప గొట్టం లాంటి సిలిండర్లో ఇది సైకిలు పంపులా పైకీ కిందకీ ఆడుతుంది. మా బండికి అలాంటివి నాలుగు. రెండోదానికీ మూడోదానికీ పక్కల నిలువునా గీతలు. మాడిన గిన్నెని గరిటెతో గీకితే పడతాయే, అచ్చం అలా.

"నీళ్ళు లేక పట్టేసింది మేస్త్రీ. మా తమ్ముడు తోలాడు" అన్నారు మా ఆయన.

మేస్త్రీ జవాబివ్వలేదు. తుప్పు తక్కువున్న నాలుగో సిలిండరు తుడిచి, బోరు గేజి దింపి కొలిచారు. అదే సిలిండర్లో తిరిగిన పిస్టన్ని మైక్రోమీటరుతో కొలిచారు. మళ్ళీ కొలిచారు. ఒకటో సిలిండరూ అలాగే చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఇది ఎవరు తోలినా పట్టేసేదే సార్. ఖాళీ ఎక్కడుంది? ఒక థౌ కూడా లేదు" అన్నారు.

థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం దాదాపు మూడు థౌ ఉంటుంది. సిలిండరేమో పోత ఇనుము, పిస్టనేమో అల్యూమినియం. ఒకే వేడికి ఇనుము కంటే అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడే పిస్టన్ చుట్టూ కాస్త చోటు వదలాలి. ఇలాంటి ఇంజన్లకి రెండు థౌ పైమాట, అంటే వెంట్రుకంత కంటే కొంచెం తక్కువ. ఆ చోటు లేకపోతే ఇంజను కాగగానే పిస్టన్ ఉబ్బి గోడల్ని పట్టేసుకుంటుంది. మధ్య రెండూ ముందు పట్టేయడానికి కారణం, రెండు పక్కలా వేడే కాబట్టి. "నీళ్ళు తగ్గాయో లేదో నాకు తెలీదు. కానీ బోరు చేసినవాడు టైటుగా చేశాడు. నిండా నీళ్ళున్నా ఈ ఎండల్లో ఇది నిలబడేది కాదు" అన్నారు మేస్త్రీ.

మా ఆయన ఆ పిస్టన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు. తిరుగు దారిలో మంగళగిరి దాటేదాకా మాట్లాడలేదు. దాటాక, రోడ్డు చూస్తూనే అన్నారు: "నేనే చెప్పాను. టైటుగా చెయ్యి, ఎక్కువ కాలం వస్తుంది అని. లేతు మనిషి వద్దన్నాడు కూడా. డబ్బిచ్చేది నేనూ అన్నాను."

నాకు ఏమనాలో తెలీలేదు. ఇంటికొచ్చాక అత్తయ్యకి మందులిస్తూ ఈ సంగతి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోతారనుకున్నాను. మాత్ర మింగి, నీళ్ళు తాగి, "మీ మావయ్యకి తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"బండిని లాక్కొచ్చిన మెకానిక్ ఆ రోజే చెప్పాడు, బోరు పని బాలేదని. పెద్దవాడు నలుగురిలో అంత మాట అనేశాడు. ఇప్పుడు తప్పు నీదేరా అంటే వాడు తలెత్తుకోలేడని ఊరుకున్నారు. బాగు చేయిస్తే బయట పడుతుందని బండే మూసేశారు."

"మరి చిన్నవాడో అత్తయ్యా?"

అడగకుండా ఉండాల్సిందేమో. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. చాలాసేపటికి, "చిన్నవాడు కదా, మర్చిపోతాడు అనుకున్నాం" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామూలుగా ఈ ఇంట్లో ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేది నేనే. పండక్కి రమ్మని పిలిచేది నేను, అలిగితే సర్దిచెప్పేది నేను. ఈసారి మాత్రం ఒకటి నిశ్చయించుకున్నాను. పిస్టన్లు నేను వెతుకుతాను. ఆ ఫోను నేను చెయ్యను. ఆయనే చెయ్యాలి.

వెతకడం అంటే అంత తేలికనుకున్నాను చూడండి! పాత పిస్టన్లు నలభై సైజువి. అంటే బండి పుట్టినప్పటి కొలత కంటే నలభై థౌ లావువి. సిలిండరు అరిగినా గీతలు పడ్డా లోపల కొంచెం కోసి నున్నగా చేస్తారు. దాంతో గొట్టం వెడల్పవుతుంది. ఆ వెడల్పుకి తగ్గ లావు పిస్టన్లు వేయాలి. మా సిలిండర్ల గీతలు పోవాలంటే అరవై సైజు కావాలన్నారు. ఆటోనగర్ ఎంత పెద్దది! కానీ ఫియట్ పిస్టన్లు అనగానే పెద్దవాళ్ళు నవ్వారు, కుర్రాళ్ళు ఫోన్లో వెతకడం మొదలెట్టారు. "పదేళ్ళ క్రితం పాత ఇనుముకి వేసేశామమ్మా" అని ఒకాయన చెబితే, ఎవరో మన ఇంటి ఇత్తడి బిందె తూకానికి వేసేసినంత బాధేసింది.

చెన్నైలో ఉన్న మా చెల్లెల్ని జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి తరిమాను. నాలుగు దొరికాయంది. సైజు అదే. మూడు ఒక కంపెనీవి, ఒకటి ఇంకో కంపెనీది. "సైజు ఒకటే అయితే చాల్లే, కొనెయ్" అన్నాను. 9,000 రూపాయలు. మేస్త్రీ వాటిని చూడగానే పెదవి విరిచారు. అప్పుడు నాకు బుద్ధి వెలిగి, ఇంటికి తెచ్చి, మైసూరుపాకుకి శనగపిండి తూచే త్రాసు మీద పెట్టాను. మూడూ ఇంచుమించు ఒకే బరువు. నాలుగోది 22 గ్రాములు ఎక్కువ! బరువులు తేడా ఉంటే ఇంజను ఎప్పటికీ వణుకుతూనే ఉంటుందట. పైగా ఆ నాలుగోదానికి పిన్ను చిల్లు నుంచి నెత్తి దాకా ఎత్తు కూడా వేరే. ఆ ఎత్తు మారితే ఆ ఒక్క సిలిండర్లో నొక్కుడు మిగతా వాటితో సమానంగా ఉండదు. దుకాణం వాళ్ళు మంచివాళ్ళు, వెనక్కి తీసుకున్నారు. కొరియరు ఖర్చు మాత్రం నా పోపులపెట్టె డబ్బుల్లోంచి పోయింది.

ఇక లాభం లేదనుకుంటుంటే మేస్త్రీ ఇంకో దారి చెప్పారు. పాత బోరు ఇంకా వెడల్పు చేసి, లోపల కొత్త ఇనుప గొట్టాలు, స్లీవులు అంటారు, బిగించేయడం. అప్పుడు సిలిండరు మళ్ళీ పుట్టినప్పటి కొలతకి వస్తుంది. మా బండికి అది 68 మిల్లీమీటర్లు. "అప్పుడు స్టాండర్డ్ పిస్టన్లు వెయ్యొచ్చు. కానీ స్టాండర్డ్ మాత్రం ఎక్కడుంటాయి లెండి" అన్నారు.

చెన్నై దుకాణాయన ఇచ్చిన నంబరుకి ముంబై ఫోను చేశాను. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా రాసింది ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. ఆ పెద్దాయన ఏళ్ళ తరబడి టాక్సీవాళ్ళకి సామాన్లు అమ్మినవారు. స్టాండర్డ్ అనగానే నవ్వి, ఉన్నాయన్నారు. టాక్సీలు తెగ తిరుగుతాయి, అరుగుతాయి, వాటికెప్పుడూ లావు సైజులే కావాలి. అవన్నీ అయిపోయాయి. స్టాండర్డ్ ఎవరూ అడక్క అటక మీద అలాగే ఉన్నాయట. మనిళ్ళలో వాడని పెళ్ళినాటి వెండి గ్లాసుల్లాగే అనుకున్నాను.

ఈసారి తొందర పడలేదు. ప్రతి పిస్టన్ నెత్తి మీద కొట్టిన అంకె ఫొటో, పిన్నులు, రింగుల పెట్టె ఫొటో, కొలిచేటప్పుడు వీడియో, అన్నీ అడిగాను. మీరు మెకానిక్కా అన్నారాయన. కాదండీ, ఇల్లు చూసుకుంటాను అన్నాను. "అందుకే ఇన్ని అడుగుతున్నారు" అన్నారు. పిన్నులు, రింగులతో కలిపి సెట్టు 16,000 చెబితే 14,500కి బేరం చేశాను. ఎనిమిదో రోజున పార్సిలు వచ్చింది. నూనె కాగితం విప్పి నాలుగింటినీ త్రాసు మీద పెట్టాను. తేడా మూడు గ్రాములు లోపే. పక్కన నిలబడి చూస్తున్న మా ఆయన, "దొరికాయన్నమాట" అన్నారు. అంతే. "చూద్దాంలే" మాత్రం అనలేదు.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. ఎప్పుడైనా ఇలాంటి పని పెట్టుకుంటే ముందు పిస్టన్లు కొని చేతికి వచ్చాకే సిలిండరు కోయించాలి. బట్ట చూడకుండా టైలరు కత్తెర వెయ్యడు కదా! పెట్టె మీద ఏ అంకె ఉన్నా, మేస్త్రీ ప్రతి పిస్టన్నీ కొలిచి, దాని మీద నంబరేసి, ఏ పిస్టన్‌కి ఆ సిలిండర్ని చివరి కోత కోయించారు. ఇంకో విచిత్రం తెలుసా? పిస్టన్ గుండ్రంగా ఉండదు! కంటికి కనబడదు కానీ పిన్ను ఉన్న వైపు కొంచెం సన్నంగా, దానికి అడ్డంగా కొంచెం వెడల్పుగా, నెత్తి దగ్గర ఇంకాస్త సన్నంగా చేస్తారు. వేడెక్కాక అది సాగి గుండ్రంగా అవుతుందట. అందుకే కొలిచేటప్పుడు కింది భాగంలో, పిన్నుకి అడ్డంగా కొలవాలి. తప్పుచోట కొలిస్తే తప్పు చోటే వదులుతాం.

కోత అయ్యాక సిలిండరు లోపల అద్దంలా ఉంటుందనుకున్నాను. కాదు. రాయితో హోనింగ్ చేసి, అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడతారు. ఆ గీతల్లోనే ఆయిలు నిలుస్తుంది, కొత్త రింగులు గోడకి కుదురుకుంటాయి. మనం తిరగలికి కక్కు కొట్టించినట్టే. మరీ నున్నగా ఉంటే పని జరగదు.

ఆ గీతల్లో రాతిపొడి ఇరుక్కుంటుంది. కిరసనాయిలుతో తుడిస్తే పోదు. సబ్బు నీళ్ళతోనే కడగాలి అన్నారు మేస్త్రీ. ఇది నా పని అన్నాను. వేడి నీళ్ళు, సర్ఫు, సీసాలు కడిగే బ్రష్షు. తెల్ల పాతబట్టతో తుడిస్తే బట్ట బూడిద రంగు. మళ్ళీ కడుగు. ఆరుసార్లకి బట్ట తెల్లగా వచ్చింది. వెంటనే ఆరబెట్టి ఆయిలు రాసేశాం, లేకపోతే కళ్ళముందే తుప్పు పడుతుంది. "మా కుర్రాళ్ళు రెండుసార్లకే అయిందంటారమ్మా" అన్నారు మేస్త్రీ. ముప్పై ఏళ్ళు గిన్నెలు తోమినదాన్ని, నాకా చెప్పడం!

బిగించే రోజు ఆదివారం. ముందురోజు రాత్రి మా ఆయన ఫోను పట్టుకుని డాబా మీదకి వెళ్ళారు. ఏం మాట్లాడారో నేను వినలేదు. కిందకి దిగి, "చిన్నోడు పొద్దున ఆటోనగర్‌కి వస్తానన్నాడు" అన్నారు.

వచ్చాడు. మా ఆయన బల్ల మీంచి ఆ పాత పిస్టన్ తీసి వాడి చేతిలో పెట్టారు. "టైటుగా చెయ్యమని నేనే చెప్పాన్రా. నీ తప్పు కాదు" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయి, గొంతు పూడుకుపోయి ఆపేశారు. మరిది పిస్టన్ వంక చూశాడు. వేలితో ఆ గీతలు తడిమాడు. కోప్పడతాడనుకున్నాను. "నాన్నగారికి తెలుసా?" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశారు. అత్తయ్య చెప్పిన మాట నేను ఆయనకి అప్పటికే చెప్పాను. ఆయన నోరు పెగల్లేదు. "తెలుసు" అన్నాను నేనే.

వాడు బయటికి వెళ్ళిపోయాడు. రోడ్డవతల టీ కొట్టు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. అరగంట. మేస్త్రీ అందరి మొహాలూ చూసి, "అమ్మా, వేడి నీళ్ళు పెట్టిస్తారా? పిన్నులు ఎక్కించాలి" అన్నారు. పిస్టన్ని మరిగే నీళ్ళలో వేస్తే చిల్లు కాస్త సాగి, పిన్ను బొటనవేలితో తోస్తే దూరిపోతుంది. సుత్తితో కొడితే పిస్టన్ వంకరపోతుందట. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసుల్ని వేడినీళ్ళలో పెట్టి విడదీస్తామే, అదే కిటుకు. మూడోది ఎక్కిస్తుంటే వెనకనుంచి, "వదినా, ఆ గుడ్డ ఇటివ్వు, చెయ్యి కాలుతుంది" అని వినిపించింది. మరిది చొక్కా చేతులు మడుచుకుని ఉన్నాడు.

తర్వాత రింగులు. ఒక్కొక్క రింగునీ ముందు ఉత్త సిలిండర్లోకి దింపి, దాని రెండు కొసల మధ్య సందు ఫిల్లర్ గేజితో చూశారు. అక్కడా ఖాళీ ఉండాల్సిందే. వేడికి కొసలు ఒకదానికొకటి తగిలితే రింగు విరిగిపోతుంది. ఒకదానికి సందు చాలకపోతే మేస్త్రీ ఆకురాయితో రాచి సరిచేశారు. పిస్టన్‌కి ఎక్కించాక ఆ సందులన్నీ ఒకే వరసలో రాకుండా తలో వైపుకీ తిప్పారు. వరసలో ఉంటే గ్యాసుకి దారి ఇచ్చినట్టే. ఆయిలు ఒంపి, రింగులు లోపలికి నొక్కిపట్టే రేకు పట్టీ చుట్టి, పిస్టన్ నెత్తి మీది గుర్తు ఇంజను ముందు వైపుకి ఉందో లేదో చూసి సుత్తిపిడితో మెల్లగా తట్టారు. పట్టీని అన్న పట్టుకుంటే తమ్ముడు కింద నుంచి కనెక్టింగ్ రాడ్డుని దారికి తెచ్చాడు. నాలుగూ దిగాయి. మేస్త్రీ చేత్తో తిప్పితే ఇంజను బరువుగా, ఎక్కడా పట్టకుండా తిరిగింది.

మిగతా పనులు తేమలడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. కాగితాల పని అయ్యాక ఉగాదికి ముందు బండి తెనాలి వచ్చింది. కొత్త పిస్టన్లు కుదురుకునేదాకా నలభై దాటించొద్దు, ఎత్తులెక్కేటప్పుడు ఇంజన్ని రొప్పించొద్దు, 500 కిలోమీటర్లకి ఆయిలు మార్చేయాలి అని మేస్త్రీ కాగితం మీద రాసిచ్చారు.

అత్తయ్య గంజిపెట్టిన నేత చీర కట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. అది బల్లలాంటి ఒకటే సీటు, మావయ్యగారి పక్కన ఆవిడ చోటు అదే. మా ఆయన తాళం తీసి తమ్ముడికిచ్చారు. వాడు తటపటాయించాడు. "గేరు స్టీరింగు దగ్గరుంటుంది, గుర్తుందా?" అన్నారు. ఇంకేం అనలేదు.

క్లినిక్ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టుంది. దాని ముందు బండాపి ఐదు నిమిషాలు కూర్చున్నాం. అత్తయ్య స్టీరింగు మీదున్న చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని, "మర్చిపోతావనుకున్నాంరా" అన్నారు. వాడు సమాధానం చెప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. అంతా సర్దుకుపోయిందని మీకు రాయలేను. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక ఆదివారంతో పోవు. కానీ ఆ సాయంత్రం వాడు హైదరాబాదు వెళ్ళలేదు. రాత్రి మా ఇంట్లోనే పడుకున్నాడు.

భోజనాలయ్యాక మా ఆయన షెడ్డులో బండి చుట్టూ తిరుగుతుంటే వెళ్ళాను. "ఈసారి మేస్త్రీకి నేనేం చెప్పలేదు" అన్నారు నాతో. పాత టార్పాలిన్ని అవతల పారేసి, నా పాత నూలు చీరలు రెండు కలిపి కుట్టి బండికి ముసుగు చేశాను. అది కాస్త గాలి ఆడనిస్తుంది.